జబ్బు మనిషి ఫోటో లేకుండా చందా అడగరాదా?

2025 మెడిసిన్ నోబెల్ ఇమ్యూన్ టాలరెన్స్ మీద, అంటే ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదనే తిరగబడకుండ ఉండుడు మీద, పనిచేసిన ముగ్గురికి వచ్చిందని పేపర్ల చదివిన కాడి నుంచి ఒకటి రాయాలె రాయాలె అనుకుంటున్న. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేటోన్ని కాబట్టి ఇక్కడ కూడ క్లాస్ పీకుతడు అనుకోకండ్రి, కొంచెం పీకుత గాని రాసేది మాత్రం చందాల గురించి. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి, ఈ ముగ్గురు చూపించిన దారి పట్టుకొని మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు, అదే ఎమ్మెస్‌కు, మందు చేద్దామని చాలా ల్యాబులు కిందమీద పడుతున్నయి. పైసలు కొన్ని గవర్నమెంట్లు ఇస్తయి, కొన్ని కంపెనీలు పెడతయి, ఇంకొన్ని మామూలు జనం దగ్గర పోగు చేసిన చందాలు. ఆ చందా అడిగే మెసేజ్ ఇప్పుడు వాట్సాప్‌ల మా నల్లగొండ జిల్లా దాకా వచ్చింది.

ఇయ్యాలె అనే అంట నేను. మనసొంటోళ్ళు కూడ ఇయ్యాలె, తలా ఇంత అని చిన్నగ అయినా సరే. కాని అడిగే పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. జబ్బు మనిషి ఫోటో పెట్టి, మీ ఐదు వందలతో ఈ పిల్ల లేచి నడుస్తది అని అర్థం వచ్చేటట్టు అడుగుడు తప్పు, ఆ మనిషికి తప్పే, ఇచ్చేటోళ్ళకు తప్పే, చివరికి ఆ రీసెర్చ్‌కు కూడ నష్టమే. ఊర్ల బొడ్రాయి పండుగకు ఎట్ల అడుగుతమో అట్ల అడగాలె అని నా వాదన. ఎందుకో చెప్త, జర ఓపిక పట్టండ్రి.

గ్రూపుల పెట్టిన ఫోటో

మా బావ, అక్క భర్త, డల్లాస్‌ల ఉంటడు. టెక్సాస్‌ల ఎమ్మెస్ 150 అని ఏటా సైకిల్ యాత్ర ఉంటది, రెండు రోజులు తొక్కుతరు, తొక్కేటోళ్ళు తెలిసినోళ్ళ దగ్గర ముందే చందాలు రాయించుకుంటరు, ఆ పైసలు అక్కడి నేషనల్ ఎమ్మెస్ సొసైటీకి పోతయి. బావ కూడ తొక్కిండు, తొక్కినంక ఊపొచ్చింది. మన దిక్కు వాళ్ళందరం కలిసి టాలరెన్స్ మీద పనిచేసే ఒక యూనివర్సిటీ ల్యాబుకు పంపుదాం అని గ్రూపు పెట్టిండు, చుట్టాలు, ఊరోళ్ళు, ఊరోళ్ళ చుట్టాలు అందరు అందుల పడ్డరు. మంచి పనే. మెసేజ్‌ల మా చెల్లె ఫోటో పెట్టిండు. చెల్లె అంటే మా చిన్నమ్మ బిడ్డ, మిర్యాలగూడల ఉంటది, ఎమ్మెస్ ఉంది. అది ఎప్పటిదో ఫోటో, కన్ను మసకలు కమ్మి హాస్పిటల్‌ల స్టెరాయిడ్ సెలైన్ ఎక్కుతున్నప్పటిది, మొఖం ఉబ్బి ఉంది, జుట్టు కూడ దువ్వుకోలేదు పాపం.

చెల్లె బావకు ఫోన్ చెయ్యలే, నాకు చేసింది. "అన్నా, ఆ ఫోటో తీసెయ్యమని చెప్పవా, మా అత్తగారి తరఫోళ్ళు కూడ ఉన్నరు అందుల. చిన్నదానికి సంబంధాలు చూస్తున్నం." చిన్నది అంటే దాని సొంత చెల్లె. ఎమ్మెస్ తల్లి నుంచి బిడ్డకు నేరుగ దిగే జబ్బు కాదు, రక్తసంబంధీకులకు రిస్క్ కొంచెం ఎక్కువ ఉంటది గంతే, కాని సంబంధం చూసేటోనికి ఈ లెక్కలన్నీ ఎవరు చెప్తరు? ఆ ఇంట్ల ఏదో నరాల జబ్బుందంట, అయిపాయె.

బావ వెంటనే తీసేసిండు, ఆయన మంచోడే. కాని తీసేసేలోపే అది ఎన్ని గ్రూపులకు పోవాల్నో అన్ని గ్రూపులకు పోయింది. తర్వాత ఒక పెండ్లిల మా ఊరి పెద్దమనిషి ఒకాయన చెల్లెను చూసి నిజంగనే సంతోషపడి, "మంచిగనే నడుస్తున్నవ్ గద బిడ్డా, మేమిచ్చిన పైసలు పనిచేసినట్టున్నయ్" అన్నడు. ఆయన ఇచ్చిన పైసలు చెల్లెకు రాలే, రూపాయి కూడ రాలే, అవి రీసెర్చ్‌వి. చెల్లెకుండేది వచ్చిపోయే రకం ఎమ్మెస్, అటాక్ వచ్చినప్పుడు పడిపోతది, మళ్ళ కొన్నాళ్ళకు బయటికి మామూలుగనే కనపడతది. ఏం చెప్పాలె ఆయనకు? అది నవ్వి ఊకుంది. ఎండాకాలం ఇంకో ఫంక్షన్‌కు రాలేకపోయింది, ఒంట్ల వేడి పెరిగితే ఈ జబ్బున్నోళ్ళకు కండ్లు మసకబారతయి, కాళ్ళల్ల సత్తువ పోతది, మే నెల మా నల్లగొండ ఎండలు తెలుసు కదా. అప్పుడు ఇంకొకరు అన్నరంట, "అంత ఇచ్చినా తగ్గలేదా ఇంకా?" అని.

ఆ మాటన్నోళ్ళను తప్పు పట్టను నేను. మొఖం చూపించి అడిగినం, ఇచ్చిన్రు. ఇచ్చినంక ఆ మొఖం దిక్కే చూస్తరు కదా, తగ్గిందా లేదా అని.

ఫోటో లేకుంటే పైసలు రావు అంటరు

బావ వాదన ఇదే. తప్పని కొట్టిపారెయ్యలేం కూడ. అమెరికాల 1938ల పోలియో మీద మార్చ్ ఆఫ్ డైమ్స్ అని మొదలుపెట్టిన్రు, డైమ్ అంటే పది సెంట్ల బిళ్ళ, జనం ఆ బిళ్ళలను కవర్లల్ల పెట్టి సీదా ప్రెసిడెంట్‌కు పోస్ట్ చేసిన్రు. ఆ చందాలతోనే సాల్క్ టీకా వచ్చింది, 1955ల పనిచేస్తదని చెప్పిన్రు. నోట్లేసే చుక్కలు తయారు చేసిన సేబిన్‌కు కూడ ఆ సంస్థనే పైసలిచ్చింది. అంటే మన అంగన్‌వాడీల మన పిల్లల నోట్ల పడ్డ రెండు చుక్కల వెనక ఎవరో మొఖం తెలియని అమెరికా పిల్లగాళ్ళ పది సెంట్ల బిళ్ళలున్నయి, 2014ల ఇండియాకు పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ బాకీ మనకు గుర్తు కూడ లేదు. మరి ఆ మార్చ్ ఆఫ్ డైమ్స్ వాళ్ళే 1946 నుంచి కాళ్ళకు పట్టీలేసుకున్న పిల్లల ఫోటోలతో పోస్టర్లేసిన్రు. పోస్టర్ పిల్లలు అనే పద్ధతే వాళ్ళ నుంచి పాకింది. పైసలొచ్చినయా అంటే వచ్చినయి.

ఇది నా వాదనకు అడ్డం పడేదే, ఒప్పుకుంట. కాని అదే 1946ల ఇంకొకటి జరిగింది. సిల్వియా లారీ అనే ఆమె తమ్మునికి ఎమ్మెస్. ఆమె 1945ల న్యూయార్క్ టైమ్స్‌ల చిన్న క్లాసిఫైడ్ ఇచ్చింది, ఎమ్మెస్ వచ్చి కోలుకున్నోళ్ళు ఎవరన్న ఉంటే పేషెంట్‌కు రాయండ్రి అని. ఫోటో లేదు, పేరు లేదు, పైసల ముచ్చటే లేదు. కోలుకున్న మనిషి దొరకలే గాని, మాకు కూడ ఇదే జబ్బు, మీకేమన్న తెలిస్తే చెప్పండ్రి అని పదుల కొద్ది ఉత్తరాలొచ్చినయి, వాళ్ళను కూడగట్టి ఏడాది తిరగకముందే సొసైటీ పెట్టింది. మా బావ సైకిల్ తొక్కింది ఆ సొసైటీకే. ఎనభై ఏండ్ల కింద ఒక్క ప్రశ్న అడిగి మొదలైంది అది.

2014ల ఐస్ బకెట్ చాలెంజ్ గుర్తుంది కదా, నెత్తి మీద చల్లనీళ్ళు పోసుకునుడు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం అమెరికాల ఒక్క సంస్థకే 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చినయి, అందుల పేషెంట్ ఫోటో చూసి ఇచ్చినోళ్ళు ఎంతమంది? నీళ్ళు పోసుకున్న పక్కింటోని మొఖం చూసి ఇచ్చిన్రు జనం. మన దిక్కు అదే టైంల హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని రైస్ బకెట్ చాలెంజ్ చేసింది, నీళ్ళు పారబోసుడెందుకు, ఆకలైనోనికి ఒక బకెట్ బియ్యం ఇయ్యి అని. మస్తు పాకింది అది. అందుల మన మనసు ఎట్లుంటదో కనపడతది, ఇయ్యాల ఇస్తే ఇయ్యాలనే కడుపు నిండాలె మనకు. రీసెర్చ్‌కు ఇచ్చేది అసొంటిది కాదు, అసలు చిక్కు అక్కడుంది.

ఎలుకల కాడ గెలిచి, మనుషుల కాడ ఓడి

ఇప్పుడు పీకుత క్లాసు. టీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలు ఛాతిల ఉండే థైమస్ అనే గ్రంథిల పెరుగుతయి, సొంత ఒంటి మీదికి ఎగబడే రకం చాలావరకు అక్కడ్నే చచ్చిపోతయి, ఇంత దాకా ఇంటర్ పుస్తకంలనే ఉంటది. తప్పించుకొని బయటికొచ్చినవాటిని అణచి ఉంచే ఇంకో రకం టీ సెల్స్ ఉన్నయని సకగుచి 1995ల చూపించిండు. అంతకు ముందు ఇసొంటి థియరీ ఒకటి బోల్తా కొట్టి ఉండె కాబట్టి చాలామంది నమ్మలే కూడ. 2001ల బ్రంకో, రామ్స్‌డెల్ కలిసి స్కర్ఫీ అనే ఎలుకల్ల ఫాక్స్‌పీ3 అనే జీన్ చెడిపోతే ఒళ్ళు తన మీద తనే తిరగబడతదని పట్టుకున్నరు. వాళ్ళు ఆ పని చేసింది ఒక బయోటెక్ కంపెనీల, కాబట్టి కంపెనీలు ఇసొంటి మూలాల జోలికి పోవు అని నేను గట్టిగ అనలేను. (నోబెల్ వచ్చిన రోజు రామ్స్‌డెల్ ఫోన్ బంద్ పెట్టుకొని కొండలల్ల తిరుగుతున్నడంట, పిలిచి పిలిచి అలసిపోయిన్రు. నాకు ఆయన మస్తు నచ్చిండు.)

ఎమ్మెస్‌ల మెదడు, వెన్నుపాము నరాల మీదుండే మైలిన్ అనే పొరను సొంత ఇమ్యూనిటీనే కొరుకుతది. ఇప్పుడున్న మందులు ఎక్కువ భాగం ఇమ్యూనిటీలనే ఒక పెద్ద భాగాన్ని కూలదోస్తయి లేకుంటే కట్టేస్తయి, ఒక ఇంట్ల కొట్లాటైతే ఊరంతా కర్ఫ్యూ పెట్టినట్టు. జబ్బు ఆగుతది గాని ఇన్ఫెక్షన్ల భయం ఉంటది. టాలరెన్స్ రీసెర్చ్ అడిగేది ఏందంటే, ఆ మైలిన్ మీదికి పోయే కణాలకు మాత్రమే ఇది మనదే, వదిలెయ్ అని నేర్పియ్యలేమా అని. వింటానికి ఎంత మంచిగుంది!

చేసి చూస్తే ఏమైంది? నోటి ద్వారా మైలిన్ ఇస్తే ఒళ్ళు అలవాటు పడతదని ఆవు మెదడు నుంచి తీసిన మైలిన్‌ను క్యాప్సూల్స్‌ల పెట్టి 500 మందికి పైగా పేషెంట్లతో పెద్ద ట్రయల్ చేసిన్రు, ఎలుకల్ల బ్రహ్మాండంగ పనిచేసింది, 1997ల మనుషుల రిజల్ట్ వస్తే ఉత్త క్యాప్సూల్ మింగినోళ్ళకు, దీన్ని మింగినోళ్ళకు తేడా లేదు. 2000ల ఇంకొకటి, మైలిన్ ప్రొటీన్ ముక్కను కొంచెం మార్చి ఇంజెక్షన్ ఇచ్చిన్రు, కొందరికి జబ్బు తగ్గకపోగా ఎక్కువైంది, మధ్యలనే ఆపేసిన్రు. దీనికి తలకిందులు కథ కూడ ఉంది. ఇజ్రాయెల్‌ల వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌ల జంతువులకు ఈ జబ్బు తెప్పిద్దామని ఒక పదార్థం తయారు చేస్తే అది జబ్బు తెప్పియ్యకపోగా ఆపింది, ఆ గ్లాటిరామర్ 1996ల అమెరికాల మందుగ పర్మిషన్ తెచ్చుకుంది, ఇప్పటికీ వాడుతున్నరు. అది జబ్బును ఎట్ల ఆపుతదో పూర్తిగ తేలకముందే మందైంది.

ఓడినంక పెద్ద పైసలు పక్కకు జరిగితే చిన్న చిన్న గ్రాంట్లతో ల్యాబులు మళ్ళ మొదలుపెడతయి. 2013ల జర్మనీల హాంబర్గ్‌ల 9 మంది పేషెంట్ల రక్తకణాలే తీసి, వాటికి మైలిన్ ముక్కలు అంటించి మళ్ళ వాళ్ళకే ఎక్కిచ్చిన్రు, ప్రమాదం లేదని తేలింది. తొమ్మిది మందే! 2021ల కరోనా టీకా చేసిన బయోఎన్‌టెక్ వాళ్ళు అదే ఎంఆర్ఎన్ఏ పద్ధతిల ఎలుకల్ల ఎమ్మెస్ లాంటి జబ్బును ఆపిన్రు, 2023ల షికాగో యూనివర్సిటీల జెఫ్రీ హబ్బెల్ టీం ఇంకో పద్ధతిల ఎలుకల్లనే చేసి చూపించింది. ఆ రెండు సార్లు మా చెల్లెకు "ఎమ్మెస్‌కు వ్యాక్సిన్ వచ్చేసింది, కంగ్రాట్స్" అని ఫార్వర్డ్‌లు వరుసబెట్టి వచ్చినయి. ఎలుక అనే మాట ఆ ఫార్వర్డ్‌లల్ల ఎక్కడ లేదు.

ఇంకా ముందుకు పోతే, మనుషుల్ల ఇమ్యూనిటీ మైలిన్‌ల సరిగ్గ ఏ ప్రొటీన్ మీదికి ముందు పోతుందో ఇప్పటికీ తేలలే. 2022ల హార్వర్డ్ వాళ్ళు కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు తిరగేసి ఎప్స్టీన్ బార్ వైరస్ సోకినంక ఎమ్మెస్ రిస్క్ 32 రెట్లు పెరుగుతదని చూపించిన్రు, కాని ఆ వైరస్ దాదాపు అందరికీ సోకుతది, ఎమ్మెస్ మాత్రం కొందరికే. దేన్ని వదిలెయ్యమని నేర్పాల్నో పక్కాగ తెలియకుంటనే నేర్పే పని మొదలుపెట్టిన్రు అన్నమాట.

ఇసొంటి పనికి చందా అడుగుతున్నం. దీనికి ఆ హాస్పిటల్ మంచం ఫోటో అతికిస్తే అబద్ధం చెప్పకుంటనే అబద్ధం చెప్పినట్టైతది. మీరిచ్చేది ఓడిపోయే ఛాన్స్ ఎక్కువున్న పనికి, ఓడినా అది ఎట్ల ఓడిందో తెలుసుకునేదానికి అని ముందే చెప్పాలె. చెప్తే సగం మంది ఇయ్యరు, తెలుసు. ఇచ్చిన సగం మంది మాత్రం రెండోసారి కూడ ఇస్తరు.

"ఇంట్ల పిల్లకు మందు లేక, అమెరికా ఎలుకలకు పంపుతరా?"

ఇది మా పెద్దనాయిన మాట. రిటైర్డ్ కండక్టర్, చిల్లర లెక్క తప్పనోడు. ఈ మాటకు గ్రూపుల థంబ్స్అప్‌లు మస్తు పడ్డయి, నేను కూడ చాలాసేపు ఏం రాయాల్నో తోచక కూసున్న.

ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఎంఆర్ఐ మాటిమాటికి తీయించాలె, మందు ఏండ్ల తరబడి వాడాలె, హైదరాబాద్ పోయి రావాలె, పోయినప్పుడల్లా ఇంకొకరి కూలి పోతది. 2016 వికలాంగుల చట్టంల ఎమ్మెస్‌ను చేర్చిన్రు, మంచిదే, కాని సదరం క్యాంపు నాడు జబ్బు నిమ్మళంగ ఉంటే పర్సెంటేజ్ తక్కువ పడతది, పింఛన్ రాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా అని 1985 నుంచి ఉంది, హైదరాబాద్‌ల కూడ శాఖ ఉంది, పేషెంట్ సాయానికి ఇచ్చేటోళ్ళు వాళ్ళకియ్యొచ్చు, డల్లాస్ దాకా పోవుడెందుకు.

కాని పెద్దనాయిన లెక్కల ఒకటి తప్పిపోయింది. మా చెల్లె వాడే మందు రిటుక్సిమాబ్. అది మొదట లింఫ్ క్యాన్సర్ మందు, దాని చౌక రకాన్ని 2007ల మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది, అందుకే మనసొంటోళ్ళకు అందుబాటుల ఉంది, అయినా భారమే అనుకోండ్రి. అది ఎమ్మెస్‌ల పనిచేస్తదని 2008ల ఒక ట్రయల్ చెప్పింది. తర్వాత మందు చేసిన కంపెనీ దాని మీద ముందుకు పోలే, అదే పని చేసే కొత్త ఖరీదు మందు మీదికి పోయింది. మరి పాతదాన్ని పెద్దగ పరీక్ష చేసిందెవరు? స్వీడన్ డాక్టర్లు, ప్రజల పైసలతో, 2022ల రిజల్ట్ ఇచ్చిన్రు. 2023ల డబ్ల్యూహెచ్ఓ తప్పనిసరిగ ఉండాల్సిన మందుల లిస్ట్‌ల ఎమ్మెస్‌కు మొదటిసారి చోటిచ్చి అందుల రిటుక్సిమాబ్‌ను పెట్టింది. అంటే చెల్లె ఒంట్లకు పోయే మందు వెనక ఎక్కడివో తెల్వని జనాల పైసలున్నయి. వాళ్ళు కూడ మా ఊర్ల పేషెంట్లకు ముందు చూద్దాం అనుకొని ఊకుంటే?

ఇంకొకటి. మన దిక్కు ఎమ్మెస్ లాగనే కనపడే ఎన్ఎంఓ అనే జబ్బు ఉంది, 2004ల దాని యాంటీబాడీ దొరికేదాకా చాలామందిని ఎమ్మెస్ అనే లెక్కకట్టేటోళ్ళు. ఎమ్మెస్‌కిచ్చే ఇంటర్‌ఫెరాన్ ఎన్ఎంఓకు ఇస్తే ఇంకా చేటు. చెల్లెకు కూడ ముందు ఆ టెస్టే చేయించి, కాదని తేలినంకనే మందు మొదలుపెట్టిన్రు. ఆ టెస్ట్ కూడ ఆకాశం నుంచి ఊడిపడలే.

అందుకే నేను రెండు డబ్బాలు అంట. మందుల డబ్బా ఇంటోళ్ళం, దగ్గరోళ్ళం చప్పుడు చెయ్యకుండ నింపుకోవాలె, దానికి గ్రూపు అక్కర్లేదు. రీసెర్చ్ డబ్బా ఊరిది. ఇంకో మాట, జబ్బున్న ఇంటిని రీసెర్చ్ చందా అసలు అడగొద్దు. అందరి కంటే ముందు అడిగేది వాళ్ళనే, మీకు తెలుసు కదా బాధ అని. ఎందుకు, వాళ్ళు ఒంటితోని ఇస్తనే ఉన్నరు కదా, ట్రయల్‌ల కూసునేది వాళ్ళే, రక్తం ఇచ్చేది వాళ్ళే.

మన దేశంల ఈ పని ఎందుకు జరగదు అని కూడ అడిగిన్రు. కొంత జరుగుతుంది. మంగళూరుల డాక్టర్ లేఖా పండిట్ వాళ్ళు దక్షిణాది పేషెంట్ల రిజిస్ట్రీ ఏండ్లుగ నడుపుతున్నరు. మొదటి చందా ఇసొంటి చోటికి పంపితే నాకు ఇంకా ఇష్టం, బావతోని దీని మీద ఇంకా తెగలే. ఆయన చూపు టాలరెన్స్ మీదనే ఉంది.

బొడ్రాయి లెక్క

మా ఊరు మర్రిగూడ దిక్కు. బొడ్రాయి పండుగ ఎట్ల చేస్తరో మన దిక్కోళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంటికింత అని కట్టడి చేస్తరు, ఉన్నోడైనా లేనోడైనా అంతే, హైదరాబాద్‌ల ఉన్నా, దుబాయ్‌ల ఉన్నా కట్టాలె, ఆడబిడ్డలందరు వస్తరు. అయిపోయినంక లెక్క మైకుల చదువుతరు, డప్పులోళ్ళకింత, టెంటుకింత, అయ్యగారికింత, మిగిలింది ఇంత అని. నాకేమొచ్చింది అని ఎవరు అడగరు. ఎవరి మొఖం చూపించి అడగరు కూడ.

దాన్ని మరీ నెత్తికెత్తుకోను. కట్టలేనోడు మిత్తికి తెచ్చి కట్టిన ఇండ్లు నాకు తెలుసు. లెక్కల కాడ కొట్లాటలైతయి, ఎవరు ముందు నిలబడాలె అనే కాడ కులం గోల ఉంటది. ఆ జబర్దస్తీ మనకొద్దు. నేను తీసుకోమనేది మూడే, అందరికీ ఒకే చిన్న రేటు, పేర్ల బోర్డు లేకుండుడు, లెక్క నలుగుట్ల చదువుడు. రెండు వందలు పెట్టుకుందాం. వెయ్యిచ్చినోడు, ఐదు వేలిచ్చినోడు అని గ్రూపుల ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు పెట్టుడు బంద్ కావాలె, ఆ స్క్రీన్‌షాట్ చూసి ఇయ్యలేనోడు గ్రూపులకే వస్తలేడు.

బొడ్రాయి మంచిగుంటే నా ఇల్లు మంచిగుంటది అని నమ్మకం కాబట్టి ఇస్తరు, ఎమ్మెస్ ఎవరికో ఒకరికి వచ్చేది, దానికెందుకు ఇస్తరు అని మా కాలేజీల ఒక సార్ అన్నడు. గట్టి మాటే. నా జవాబు సగమే ఉంది. టాలరెన్స్ తప్పేది ఎమ్మెస్‌ల ఒక్కదాంట్ల కాదు, చిన్నపిల్లలకొచ్చే టైప్ 1 షుగర్, కీళ్ళవాతం, కొన్ని రకాల థైరాయిడ్, బొల్లి, ఇవన్ని ఒళ్ళు తన మీద తనే తిరగబడే జబ్బులే. ఇందుల ఏదో ఒకటి లేని వాడకట్టు మా ఊర్ల లేదు. అయితే ఎమ్మెస్ ల్యాబుకిచ్చిన పైసలు రేపు ఆ షుగర్ పిల్లగానికి పనికొస్తయని గ్యారంటీ ఇయ్యను, మూలం ఒకటే గాని దారులు వేరే. మిగతా సగం జవాబు పోలియో చుక్కల ముచ్చటనే.

ఇంక ప్రపంచ ఎమ్మెస్ దినం మే 30, ఆ రోజు నల్లగొండ గడియారం సెంటర్ నుంచి వాక్ పెడదాం అని బావ ఐడియా. రోహిణి కార్తెల రోళ్ళు పగిలే ఎండల, ఎండ పడని జబ్బు కోసం! డిసెంబర్‌ల పెట్టుకుందాం అంటే సరే అన్నడు.

బాటిళ్ళల్ల నీళ్ళు పట్టుకపోయినోళ్ళు

మా దిక్కు రీసెర్చ్ అంటే నమ్మకం లేకపోవడానికి కారణం ఉంది, దాన్ని తెలివితక్కువతనం అంటే నాకు కోపమొస్తది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగినోళ్ళను చూసి పెరిగినం. ఎందరో వచ్చిన్రు, బాటిళ్ళల్ల నీళ్ళు పట్టుకపోయిన్రు, పండ్లు చూసిన్రు, ఫోటోలు తీసుకపోయిన్రు. మళ్ళ రాలే. వంగిన కాళ్ళ ఫోటోలు ఎక్కడెక్కడికి పోయినయో ఆ మనుషులకే తెల్వదు.

అదే టైంల, 1970లల్ల, నాగ్‌పూర్‌లుండే నీరి అనే రీసెర్చ్ సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్ళల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. మన కాడ మాత్రం చాలా ఊర్లల్ల ఆ ప్లాంట్లు నడిపేటోడు లేక నిలవలే, పటిక ఎంత కావాల్నో అంతే కలపాలె, అడుగున పేరుకున్న మడ్డి రోజు తియ్యాలె, ఎవరు చేస్తరు? చివరికి కృష్ణ నీళ్ళు పైపుల వచ్చినంకనే ఊపిరి పీల్చుకున్నం. రీసెర్చ్ పనికిరాదు అనడానికి దీన్ని వాడుకోవచ్చు, పనికొస్తది అనడానికి కూడ వాడుకోవచ్చు, నేను మాత్రం దీన్ని తిరిగొచ్చి చెప్పనోళ్ళ కథ అనుకుంట. పట్టుకపోయిన నీళ్ళల్ల ఏముందో, చేసిన పద్ధతి ఎక్కడ ఫెయిలైందో మా ఊరి మైకుల ఎవరన్న చెప్పి ఉంటే, ఇయ్యాల నేను చందా అనంగనే జనం మొఖాలు అట్ల తిప్పుకోకపోదురు.

కాబట్టి బావకు చెప్పిన, ల్యాబు నుంచి ఏడాదికోసారి ఏం చేసిన్రో రాయించు, ఇంగ్లీష్‌ల వస్తే తెలుగుల పెట్టే పూచీ నాది, ఎలుకల్లనా మనుషుల్లనా అనేది మొదటి లైన్లనే రావాలె. పైసలు అమెరికా ల్యాబుకు పోతే మనకు ట్యాక్స్ తగ్గించుకునే 80జీ రసీదు రాదు, ఇన్‌కం ట్యాక్స్ కట్టేటోళ్ళకు ఆ సంగతి కూడ ముందే చెప్పాలె.

పెద్దనాయిన ఇదంతా విని రెండు వందలు ఇస్త అన్నడు. "ఎలుకలకే ఇస్తున్న అని రాసుకో," అన్నడు, "ఫెయిలైతే ఫెయిలైందని చెప్పుండ్రి. చెప్పకుంటే మాత్రం వచ్చే ఏడు నా ఇంటికి రాకుండ్రి."